చీకుల నిప్పు, బొప్పాయి పాలు, కందిగింజల అన్నం

భూమధ్యరేఖకు ఉత్తరాన కర్కట రేఖ దాకా, దక్షిణాన మకర రేఖ దాకా పరుచుకున్న వేడి నేలల పట్టీని భూగోళ శాస్త్రంలో ఉష్ణమండలం అంటారు. కర్కట రేఖ 23.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండగా, కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలు మూడూ 14, 15 డిగ్రీల మధ్యనే ఉన్నాయి. నిప్పుల మీద కాల్చిన మాంసానికి పేరుపడ్డ జమైకా దీవి 18 డిగ్రీల దగ్గర, అనాసపండు ముక్కలతో కోడిమాంసం కాల్చే హవాయి దీవులు 19 నుంచి 22 డిగ్రీల మధ్య ఉన్నాయి. అక్షాంశాల లెక్కన చూస్తే ఆ దీవుల కంటే ఈ మూడు ఊళ్లే ఉష్ణమండలంలో మరింత లోపలికి ఉన్నాయన్నమాట.

మాంసపు ముక్కలనూ పండు ముక్కలనూ ఊచలకు గుచ్చి కాల్చి, పక్కన సువాసన గల అన్నం పెట్టి వడ్డించే పద్ధతి నేడు నగరాల హోటళ్లలో ‘ట్రాపికల్ గ్రిల్’ అన్న పేరుతో విదేశీ వంటగా చలామణీ అవుతోంది. దానికి కావలసిన బొగ్గు, మాంసం, పండు, కారం, బియ్యం ఎక్కడివని ఒక్కొక్కటిగా విచారిస్తే, దాదాపు అన్నీ ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల పొలాల్లోనూ తోటల్లోనూ బీళ్లలోనూ దొరికేవే అని తేలుతుంది. వాటిలో కొన్ని సముద్రాలు దాటి వచ్చి ఇక్కడి మట్టికి అలవాటు పడ్డవి. ఒకటి మాత్రం ఈ దేశం నుంచే బయలుదేరి ఆ దీవుల అన్నంలో కలిసిపోయింది.

శూల్యం నుంచి చీకుల దాకా

మాంసాన్ని ఊచకు గుచ్చి కాల్చడం భారతదేశంలో ప్రాచీనమైన విద్య. సంస్కృతంలో శూలమంటే మొనదేరిన ఊచ, దానికి గుచ్చి కాల్చిన మాంసం శూల్యం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో రాజుల భోజనాన్ని వివరించే భాగం ఒకటి ఉంది. అందులో మాంసాన్ని ముక్కలుగా కోసి, మసాలా పట్టించి, నిప్పుల మీద కాల్చే పద్ధతులు కనిపిస్తాయి.

పారశీక భాషలో ఊచకు సీఖ్ అని పేరు. ఆ మాటే ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి చీకు అయింది, వాడుకలో బహువచనంగా చీకులనే ఎక్కువగా వినబడుతుంది. పారశీక భాష ఈ ప్రాంతానికి ఎప్పుడో పరిచయమైనదే. జమ్మలమడుగుకు పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, పెన్న లోయ అంచున ఉన్న గండికోట పెమ్మసాని నాయకుల చేతిలో నుంచి 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. ఆయన పుట్టుకతో పారశీకుడు. ఆ కోట లోపల మాధవస్వామి ఆలయం, రంగనాథస్వామి ఆలయం, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం నేటికీ ఒకదానికొకటి నడక దూరంలోనే నిలిచి ఉన్నాయి. 18వ శతాబ్దంలో కడప నవాబుల పాలనతో ఉర్దూ పలుకుబడి ఈ జిల్లాలో మరింత పెరిగింది. నేడు సాయంత్రం వేళ బజారులో తోపుడుబండి మీద ఇనుప పొయ్యి పెట్టి, విసనకర్రతో బొగ్గులు విసురుతూ కాల్చి అమ్మే మటన్ చీకులు, కార్జం చీకులు శూల్యం, సీఖ్ అనే ఆ రెండు సంప్రదాయాలకూ వారసులే.

మాంసంతో పాటు పండును కూడా ఊచకు గుచ్చడం ఇతర దేశాల్లో బాగా వృద్ధి చెందిన పద్ధతి. ఇండోనేషియా, మలేషియా దేశాల్లో సన్నని పుల్లలకు గుచ్చి కాల్చే మాంసాన్ని సాతే అంటారు, దానికి వేరుశనగ ముద్ద నంజుకుంటారు. ఆ సాతే దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి చేరి సొసాటీ అనే వంటకంగా మారింది. అందులో మసాలాలో నానిన మాంసపు ముక్కల మధ్య ఎండు ఆప్రికాట్ పండ్లు గుచ్చుతారు. మాంసంలోని ఉప్పు, కొవ్వు, కారాలకు పండులోని తీపి, పులుపు తోడైనప్పుడు ఏ ఒక్క రుచీ నాలుకను మొద్దుబార్చకుండా ఒకదాన్నొకటి తేటపరుస్తాయి కాబట్టే ఈ జోడింపు ఇన్ని దేశాల్లో నిలదొక్కుకుంది.

కమలాపురంలో మొలిచిన నిప్పు

చీకుల రుచిలో సగం బొగ్గుది. ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో చెరువు గట్ల మీద, బీళ్లలో, వంక ఒడ్డున ఎక్కడ చూసినా కనిపించే సర్కారు తుమ్మ, అంటే వాడుకలో కంపచెట్టు, బొగ్గుకు బాగా పనికివచ్చే కర్ర. ఈ చెట్టు శాస్త్రనామం ప్రొసోపిస్ జూలిఫ్లోరా; దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. కల్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖకు అధిపతిగా ఉన్న కాలంలో, వంటచెరకు కొరత తీర్చడానికి జమైకా నుంచి దీని విత్తనాలు తెప్పించి, 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారని అటవీ చరిత్ర చెబుతోంది. కమలాపురం కడపకూ ప్రొద్దుటూరుకూ నడుమ ఉన్న ఊరు. జమైకా వంటగాడు మాంసం కాల్చే దీవి నుంచి వచ్చిన విత్తనమే ప్రొద్దుటూరు చీకుల బండి కింద నిప్పయి మండుతోందన్న సంగతి ఈ వంటకం చరిత్రలో అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది.

ఈ చెట్టుకు దగ్గరి బంధువులైన మెస్కీట్ చెట్ల బొగ్గును అమెరికాలోని టెక్సస్, మెక్సికో ప్రాంతాల్లో మాంసం కాల్చడానికి ఎంచి వాడతారు. కర్ర గట్టిగా, బరువుగా ఉండటం వల్ల దీని బొగ్గు ఎక్కువసేపు నిలకడగా మండుతుంది. చెట్టు మాత్రం పంట పొలాలనూ చెరువులనూ ఆక్రమించి రైతును బాధిస్తున్నదే. దాని తీయని కాయలను గొర్రెలు, మేకలు ఇష్టంగా తిని, జీర్ణం కాని విత్తనాలను ఊరూరా వెదజల్లడంతో అది మరింత వ్యాపించింది. కొట్టి బొగ్గు చేయడం వల్ల ఆ బెడద కొంత తగ్గుతుంది, బట్టీ పెట్టే కుటుంబానికి కూలి గిట్టుతుంది.

పచ్చి కర్ర, తారు లేదా రంగు పూసిన చెక్క, ప్లాస్టిక్ తగిలిన కట్టెలు ఈ పనికి తగవు, వాటి పొగ చేదెక్కుతుంది, ఆరోగ్యానికీ హాని. బొగ్గు రాజేసిన వెంటనే మాంసం పెట్టకూడదు. మంట పూర్తిగా అణిగి, నిప్పు కణికల మీద సన్నని తెల్లటి బూడిద పొర ఏర్పడే దాకా 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. ఈ జిల్లా పేరు మోసిన కడప బండ, అంటే నల్లని సున్నపురాతి పలక, వంటగదిలో గట్టుగా ఎంత చక్కగా పనికివచ్చినా నేరుగా నిప్పు తగిలితే పగిలే ప్రమాదం ఉంది కాబట్టి పొయ్యి అడుగున ఇటుకలో ఇసుకో పరచడం మంచిది. మూసిన గదిలో బొగ్గుల పొయ్యి వెలిగిస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరి ప్రాణం తీస్తుంది. ఈ వంట ఎప్పుడూ ఆరుబయటే చేయాలి.

పండు చేసే పని

పండు ఈ వంటలో అలంకారంగా మిగిలిపోదు, మాంసాన్ని మార్చే పనిముట్టు కూడా అదే. ఉదయం కోసిన పొట్టేలు మాంసం సాయంత్రానికల్లా పొయ్యి ఎక్కే ఊళ్లలో ఆ మాంసం గట్టిగా ఉండటం సహజం, ఎందుకంటే ప్రాణం పోయిన కొన్ని గంటల్లో కండరం బిగుసుకుపోతుంది, చల్లని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే తప్ప ఆ బిగువు సడలదు. అంత వ్యవధి లేనప్పుడు ఆ పని పచ్చి బొప్పాయి చేస్తుంది. పచ్చికాయను గీరితే కారే తెల్లని పాలలో పపైన్ అనే ఎంజైము, అంటే రసాయన చర్యను వేగిరపరిచే మాంసకృత్తి, ఉంటుంది. అది కండలోని గట్టి నారను చిన్న చిన్న తునకలుగా తెంచుతుంది. కాయ పండేకొద్దీ ఆ పాలు తగ్గిపోతాయి గనుక మాంసం మెత్తబడటానికి పచ్చికాయ, ఊచకు గుచ్చడానికి దోరకాయ వాడాలి. ఉర్దూ మాట్లాడే కుటుంబాల వంటిళ్లలో కబాబుకు పచ్చి బొప్పాయి ముద్ద కలపడం ఎప్పటి నుంచో ఉన్నదే.

ఈ ఎంజైము లోపలికి కొద్ది మిల్లీమీటర్లకు మించి చొరబడదు, 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర మరింత చురుగ్గా పనిచేసి, ఆ తరువాత వేడి పెరిగేకొద్దీ నశిస్తుంది. కాబట్టి ముక్క చిన్నదిగా ఉండాలి, ముద్ద కొలత మించకూడదు. గంటల తరబడి ఎక్కువ ముద్దలో నానిన మాంసం నోటికి పిండిలా తగులుతుంది. అనాసపండులో బ్రోమెలైన్ అనే ఎంజైము ఇదే పని చేస్తుంది. డబ్బాలో నిల్వచేసిన అనాసలో అది వేడికి నశించి ఉంటుంది కాబట్టి అది రుచికే తప్ప మెత్తదనానికి పనికిరాదు.

అనాస కడప పొలాల పంట కాదు, బయటి నుంచి రావలసిందే. దాని చోటును పూరించగల పండ్లు ఇక్కడే ఉన్నాయి. పులివెందుల, లింగాల, వేముల మండలాల్లో బిందుసేద్యంతో పండే అరటి, వాటి పక్కనే విస్తరించిన చీనీ తోటలు, వేసవిలో వచ్చే మామిడి, ఏడాది పొడవునా దొరికే బొప్పాయి, జామ ఒక్కొక్కటీ ఒక్కో పనికి తగినవి. చీనీ, అంటే ఇతర ప్రాంతాల్లో బత్తాయి అనే పండు, పేరులోనే చైనాను మోస్తోంది. అరటి పుట్టింది ఆగ్నేయాసియాలో, బొప్పాయి మధ్య అమెరికాలో. పులివెందుల ప్రాంతపు తోటల్లో ఎక్కువగా కనిపించే గ్రాండ్ నైన్ రకం అరటి, బాగా మాగితే నిప్పు మీద జారిపోతుంది కాబట్టి తొక్క పసుపెక్కి కొసలు ఇంకా పచ్చగా ఉన్న దశలో కోయాలి. చీనీ తొనలు నిప్పుకు నిలవవు. దాని రసాన్ని మాంసానికి పూతగా, తొక్క మీది పసుపు పొరను వాసన కోసం వాడాలి, లోపలి తెల్లని పొర చేదు కాబట్టి దాన్ని తగలనీయకూడదు. మామిడిలో కండ గట్టిగా ఉండే బెంగుళూరు రకం, అంటే తోతాపురి, దోరగా ఉన్నప్పుడు ఊచకు చక్కగా నిలుస్తుంది.

గుచ్చడం, కాల్చడం

నలుగురికి సరిపడే వంటకు ఎముక లేని పొట్టేలు తొడకండ 1 కిలో తీసుకుని, పెద్ద ఉసిరికాయంత ముక్కలుగా కోసి, పచ్చి బొప్పాయి ముద్ద 2 టేబుల్ స్పూన్లు, చిక్కని పెరుగు అర గ్లాసు, అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు, పసుపు, ఎండుమిరప కారం పట్టించి 2 నుంచి 3 గంటలు చల్లని చోట నానబెట్టాలి. కోడిమాంసమైతే స్వభావరీత్యా మెత్తనిది గనుక బొప్పాయి మానేయవచ్చు, వేస్తే ఒక్క స్పూను వేసి అరగంటలో తీసేయాలి.

జమైకా వారి జెర్క్ మసాలాలో ఆల్‌స్పైస్ అనే ఎండు కాయ, థైమ్ అనే ఆకు, ఘాటైన మిరప ముఖ్యం. ఆల్‌స్పైస్ వాసన లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిసినట్టు ఉంటుంది కాబట్టి ఆ మూడింటినీ దంచి కలిపితే దాదాపు అదే గుణం వస్తుంది. థైమ్ ఆకుకు ఆ వాసన ఇచ్చే థైమాల్ అనే పదార్థమే మన వాములోనూ ప్రధానంగా ఉంది, అందువల్ల చిటికెడు వాము నలిపి వేస్తే చాలు. మిరపకాయ జన్మస్థలం కూడా అమెరికా ఖండమే. పోర్చుగీసు వర్తకుల ఓడలెక్కి వచ్చి రాయలసీమ వంటకు ప్రాణమైపోయిన ఆ కాయ, ఈ మసాలాలో తన పాత పొరుగు ఆల్‌స్పైస్ వాసనను మళ్లీ కలుసుకుంటుంది.

ముక్కల నడుమ గుచ్చడానికి కడప జిల్లా నుంచి ఆగ్నేయాసియా దేశాలకు ఎగుమతయ్యే కేపీ ఉల్లి, అంటే కృష్ణాపురం ఉల్లి, చాలా అనువైనది. చిన్నగా, ఘాటుగా ఉండే ఈ గడ్డ నిప్పు తగిలేసరికి తియ్యబడుతుంది. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానబెట్టాలి, ఇనుప ఊచలైతే పలకలుగా ఉన్నవి మేలు, గుండ్రని ఊచ మీద ముక్క తిరిగిపోయి ఒకే వైపు కాలుతుంది. జింకు పూత ఉన్న తీగలు, సైకిల్ పుల్లలు వంటకు వాడకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం, మాంసానికీ పండుకూ వేరువేరు ఊచలు పెట్టడం. మాంసం పైభాగం 140 డిగ్రీలు దాటినప్పుడు అందులోని మాంసకృత్తులు, చక్కెరలు కలిసి గోధుమ రంగును, కాల్పు వాసనను పుట్టిస్తాయి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరు మీదే దాన్ని మయార్ చర్య అంటారు. పండులో చక్కెర ఎక్కువ కాబట్టి అది చాలా త్వరగా రంగు తిరిగి, వెంటనే మాడుతుంది. పొట్టేలు మాంసానికి తిప్పుతూ 12 నుంచి 15 నిమిషాలు పడితే, అరటి, బొప్పాయి, మామిడి ముక్కలకు 3 నుంచి 5 నిమిషాలు చాలు. రెంటినీ ఒకే ఊచకు గుచ్చితే మాంసం ఉడికేలోపు పండు బొగ్గవుతుంది. చీనీ రసం, కొద్ది బెల్లం, కారం కలిపి మరిగించిన పూతను కూడా చివరి రెండు నిమిషాల్లోనే రాయాలి. కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరిందో లేదో వంట ఉష్ణమాపకంతో చూసుకోవడం క్షేమం. కొవ్వు నిప్పుల మీద కారి లేచే నల్లని పొగలో హానికరమైన పదార్థాలు ఉంటాయి గనుక అదనపు కొవ్వు తీసేయాలి, మంట లేచినప్పుడు ఊచలను పక్కకు జరపాలి, మాడిన భాగాన్ని తినకూడదు.

కొబ్బరిపాల కుష్కా, కందిగింజలు

మాంసం కలపకుండా మసాలా దినుసులతో దమ్ము మీద వండే అన్నాన్ని రాయలసీమలో కుష్కా అంటారు. పొడి అని అర్థమిచ్చే పారశీక పదం ఖుష్క్ దానికి మూలం. జమైకాలో కాల్చిన మాంసం పక్కన పెట్టే అన్నం కూడా ఈ కుటుంబానిదే. కొబ్బరిపాలలో బియ్యంతో పాటు చిక్కుడు జాతి గింజలు ఉడికించి చేసే ఆ అన్నంలో, శీతాకాలంలో గంగో అనే పచ్చి గింజలు వేస్తారు. ఆ గంగో గింజ మరేదో కాదు, కంది. భారతదేశంలో సాగులోకి వచ్చిన కంది ఆఫ్రికాకు చేరి, అక్కడి నుంచి బానిస వ్యాపారపు ఓడల కాలంలో కరీబియన్ దీవుల్లో నాటుకుంది. 1845 మే 10న భారతీయ ఒప్పంద కూలీలు మొదటిసారి జమైకా ఒడ్డున దిగేసరికి వారి ఊరి కంది వారి కంటే ముందే అక్కడికి చేరి ఉంది.

ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు పొలాలకు 19వ శతాబ్దపు రెండో సగంలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు–కడప కాలువ తుంగభద్ర నీటిని తెచ్చి వరికి ప్రాణం పోసింది. ఈ ప్రాంతంలో విరివిగా తినే సాంబ మసూరి, అంటే బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204 రకం, సన్నగా ఉండి పొడిపొడిగా ఉడుకుతుంది కాబట్టి కుష్కాకు బాస్మతి కోసం వెతకనక్కరలేదు.

రెండు గ్లాసుల బియ్యం కడిగి 20 నిమిషాలు నానబెట్టి, మందపాటి గిన్నెలో శనగనూనె వేడిచేసి దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, మరాటి మొగ్గ, బిర్యానీ ఆకు వేయించాలి. ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, పుదీనా వేగాక, విడిగా సగం ఉడికించిన పచ్చి కందిగింజలు ఒక గ్లాసు కలపాలి. పలుచని కొబ్బరిపాలు 2 గ్లాసులు, నీళ్లు 2 గ్లాసులు పోసి, ఉప్పు వేసి, మరుగుతుండగా బియ్యం వదిలి, నీరు ఇంకుతున్నప్పుడు మూత బిగించి సన్నని సెగ మీద 10 నిమిషాలు మగ్గనివ్వాలి. కొబ్బరిపాలు త్వరగా అడుగంటుతాయి కాబట్టి చివర్లో సెగ పెరగకూడదు. పచ్చి కందికాయ దొరకని వేసవిలో పుల్లమామిడి తురుముతో చేసే చిత్రాన్నం ఈ చీకులకు సమానంగా తోడు నిలుస్తుంది. మిగిలిన అన్నాన్ని వెచ్చగా గంటల తరబడి వదిలేస్తే వేడికి చావని సూక్ష్మజీవులు పెరుగుతాయి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి.

సాతేకు వేరుశనగ ముద్ద ఉన్నట్టే ఈ భోజనానికి ఊరిబిండి ఉంది. వేయించిన చెనిక్కాయ గింజలను ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి, ఉప్పుతో రోట్లో దంచి చేసే ఆ పచ్చడి సంగటి పక్కన ఎంత బాగుంటుందో, నిప్పు మీద కాలిన మాంసం పక్కనా అంతే బాగుంటుంది. వేరుశనగ సొంత ఊరు కూడా దక్షిణ అమెరికాయే.

తోట నుంచి పొయ్యికి

పులివెందుల ప్రాంతపు అరటి ఎగుమతికి వెళ్లాలంటే కాయ పొడవు, వంపు, తొక్క మీద మచ్చ లేకపోవడం అన్నీ చూస్తారు. చిన్న గీత పడ్డ కాయ, కొలతకు తగ్గిన హస్తం పక్కకు పోతాయి, ధర పడిపోయిన కాలంలో మంచి గెలలు కూడా తోటలోనే మాగిపోతాయి. లోపలి కండకు ఏ లోపమూ లేని ఆ పండుకు నిప్పుల పొయ్యి దగ్గర పూర్తి గౌరవం దక్కుతుంది, ఎందుకంటే ఊచకు గుచ్చేముందు తొక్క ఎలాగూ తీసేయవలసిందే. చీకుల బండ్లూ, రోడ్డు పక్క భోజనశాలలూ, గండికోట చూడవచ్చే యాత్రికులకు వండిపెట్టే వంటశాలలూ మాంసం ఊచ పక్కన ఒక అరటి ఊచనో, బొప్పాయి ఊచనో పెట్టడం మొదలుపెడితే, అనాస కోసం బయటి లారీకి వెళ్లే డబ్బులో కొంతైనా లింగాల తోటకు చేరుతుంది.

ఒక అరటి ఆకు మీద కాలిన పొట్టేలు ముక్కలు, దోర బొప్పాయి, చీనీ పూత పూసిన అరటి, కందిగింజల కుష్కా, ఊరిబిండి వడ్డించినప్పుడు ఆ విస్తరిలో చైనా, పారశీకం, అమెరికా, ఆగ్నేయాసియా అన్నీ చేరి ఉంటాయి. వాటిని ఒక్కచోట చేర్చింది మాత్రం కంప కొట్టి బట్టీ పెట్టినవారు, గొర్రెలు కాసినవారు, బిందుబిందువుగా నీరు పెట్టి తోట నిలిపినవారు. ఈ భోజనాన్ని కడప భోజనమని పిలవడానికి అంతకు మించిన ఆధారం అవసరం లేదు.